అంగడికొచ్చే సముద్రం

ఖమర్ బీ చేటలో ఎండుచేపలు, నెత్తళ్లు, చెరుగుతుండగా ఫోన్ మోగింది. పది వేళ్లకూ పొలుసులు, ఉప్పు. మోచేత్తో ఆకుపచ్చ గుర్తును జరిపి, ఫోన్‌ను గోనె మీదే ఉంచి దాని మీదికి వంగింది.

"అవ్వా, నౌకరీ అచ్చింది!"

"ఎవలు, కల్యాణివా?"

"నేనే. యూనివర్సిటీల. సముద్రం పక్కకే. సముద్రం సదువే చెప్పాలె అవ్వా, సముద్రంల జీవాల సదువు!"

ఖమర్ బీ చేట కింద పెట్టింది. ఎదురుగా మిరపకాయలు అమ్మే సురేందర్ ఇటు చూశాడు. ఆమె "అల్లా" అని మాత్రం అంది. ఆ తర్వాత చాలాసేపు నెత్తళ్ల కుప్పను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

కేసముద్రం అంగడిలో ఆమె దుకాణమంటే ఒక గోనెపట్టా, నెత్తి మీద నీలం కవరు, ఇనుప తక్కెడ, నాలుగు బస్తాలు. నెత్తళ్లు, రొయ్యలు, సొరచేప ముక్కలు, ఇంకొకదాంట్లో ఏది దొరికితే అది. వేళ్ల సందుల్లో ఉప్పు కోసిన గీతలు ఏ కాలంలోనూ మానవు. ఎండ పడితే కొంగంతా పొలుసులతో తళతళలాడుతుంది, జరీ చీర కట్టినట్టు. ఆటోలో ఎంత రద్దీ ఉన్నా ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. ముక్కులు మూసుకుని ముందుకు జరుగుతారు. ఖమర్ బీ హాయిగా కాళ్లు చాపుకుంటుంది. "రాణికి గూడ గింత జాగ దొరకది" అంటుంది.

పుట్టింది ఘనపూర్‌లో. పెళ్లయి వచ్చిన రోజు నుంచి ఇదే పని. భర్త గఫార్ లారీ మీద బస్తాలు తెచ్చేవాడు, ఆమె అమ్మేది. అతను పోయాక బస్తాలు రైల్లో వస్తున్నాయి. అవి వచ్చే చోటును మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. సముద్రమంటే ఆమెకు బస్తా మూతి విప్పగానే ముఖానికి కొట్టే వాసన, అంతే.

అమ్మే ముందు నెత్తళ్లను చెరిగి, కలిసి వచ్చిన చెత్తను ఏరాలి. వేలి గోరంత పీతలు, మెలికలు తిరిగిన పుల్లల్లాంటి చేపలు, ఐదు కాళ్ల చుక్కలు. ఏళ్ల తరబడి వాటిని మోరీలో పారేసింది. ఒకరోజు, చెరుకు నరకడానికి వలసపోయిన తల్లిదండ్రులు వదిలి వెళ్లిన తండా పిల్ల కల్యాణి, నాయనమ్మ చెంగు పట్టుకుని వచ్చి, ఆ చెత్త ముందు గొంతుక్కూర్చుంది. గుర్రం ముఖం, కోతి తోక ఉన్న చిన్న ఎండిన ప్రాణిని అరచేతిలో పెట్టుకుంది.

"గిది ఏంది అవ్వా?"

"కచ్రా బిడ్డా."

"కచ్రాకు కండ్లుంటయా?"

ఖమర్ బీ ఆ వారం నుంచి పారేయడం మానేసింది. పాలపొడి డబ్బాలో దాచింది. అంగడి రోజు కల్యాణి వచ్చి అవన్నీ పట్టుకుపోయేది.

ఆ మొదటి ఏడాది కూడబెట్టినదంతా పిల్ల వంటింట్లో ఉట్టి మీద దాచుకుంది. నాయనమ్మ రుక్కి అవి నెత్తళ్లే అనుకుని వంకాయలతో కలిపి పులుసు పెట్టింది. ఇల్లంతా తిన్నది, ఇల్లంతా వాంతులు. పిల్ల మాత్రం కడుపునొప్పికి కాదు, చుక్కలు పోయాయని ఏడ్చింది. అప్పటి నుంచి డబ్బా దుకాణంలోనే ఉంది. రుక్కి దాన్ని చూసినప్పుడల్లా ముఖం తిప్పుకుంటుంది.

ఫోన్ వచ్చిన రోజే మధ్యాహ్నం జనగామ నుంచి రైలు దిగి కల్యాణి నేరుగా దుకాణానికే వచ్చింది. అక్కడి కాలేజీలో ఏడాదికోసారి కాంట్రాక్టు రాసిచ్చే కొలువు ఆమెది. భుజానికి ఒకే సంచి. గోనెపట్టా మీద కూర్చుని ఖమర్ బీ చేతులు, పొలుసులతో సహా, తన చెంపలకు ఆనించుకుంది.

"ఎల్లుండి లోపల చేరాలె. సాయంత్రం బండికే పోవాలె అవ్వా."

"ఏమడిగిండ్రు ఆడ?"

"ఐదుగురు కూసున్నరు. ఒకాయన నవ్వుకుంట, మీ మహబూబాబాద్‌ల సముద్రం ఏడున్నదమ్మా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"మా అంగడిల ఉన్నది సార్, వారం వారం వస్తది అన్న."

సురేందర్ పకపకా నవ్వాడు. కల్యాణి కూడా నవ్వింది.

"వాళ్లు గూడ నవ్విండ్రు, నా మాటకు. పోయినసారి గూడ గట్లనే నవ్విండ్రు, ఆనాడు నా నోరు పడిపోయింది. ఈసారి ఆపలే. నెత్తళ్ల బస్తాల ఏమేం వస్తయో చెప్పిన. వలల వద్దన్నయి గూడ పడుతయి గదా, ఏరి పారేసేటియి. నా పరిశోధనంత వాటి మీదనే. నువ్వు డబ్బాల దాసిన జాతులే నలభై దాటినయ్ అవ్వా. జరసేపైనంక నవ్వుడు ఆపి రాసుకున్నరు."

ఖమర్ బీ డబ్బా వైపు చూసింది. నలభై జాతులు. గఫార్ లారీలో, పొట్టు మధ్య, తన కాళ్ల ముందు ఇన్నేళ్లు.

"కానీ దాదీ ఒద్దంటున్నది" అంది కల్యాణి. నవ్వు పోయింది. "నన్ను పెంచింది ఆమె. ఆమె ఒద్దన్నంక నేను బండి ఎక్కలేను. నువ్వు చెప్పు అవ్వా. నీ మాటింటది."

రుక్కి వచ్చేసరికి పొద్దు వాలింది. చేతుల నిండా తెల్లటి గాజులు, నడుము కొంచెం వంగింది. మనవరాలి పక్కన కాదు, ఎదురుగా కూర్చుంది.

"ఏమే రుక్కీ, పిల్లకు అంత పెద్ద నౌకరీ వస్తె మొఖం గట్ల పెట్టినవేంది?"

"నువ్వు మాట్లాడకు. నీ డబ్బానే చేసింది గిదంత." రుక్కి వేలు చూపింది. "ఒక్క డబ్బాడు తింటెనే నా ఇల్లంత కక్కింది. గిప్పుడు మొత్తం సముద్రం కాడికి పోతదంట!"

"తిన్నవ్ గదా, సచ్చినవా? ఇగో, ఇరవై ఏండ్ల సంది నాతోని రూపాయి కాడ కొట్లాడుతనే ఉన్నవ్."

రుక్కి పెదవి కదిలింది, కానీ నవ్వలేదు. "ఆడ ఎవలున్నరు దానికి? మన మాటంటె నవ్వేటోళ్లు. నీళ్లేమో ఇసమాయె. ఒద్దు. జనగామల ఉండనియ్యి, వారానికోసారి కండ్లతోని చూసుకుంట."

కల్యాణి సంచిని ఒళ్లోకి లాక్కుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. అవతల పత్తి ట్రాక్టర్లు యార్డులోకి తిరుగుతున్నాయి. ఖమర్ బీ ఊరికే ఉండలేక డబ్బా మూత తీసి, ఒక గుర్రపు పిల్లను, ఎండిన సముద్రపు గుర్రాన్ని, రుక్కి అరచేతిలో పెట్టింది. పారేస్తుందనుకుంది. రుక్కి పారేయలేదు. బహుశా అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదేమో, కళ్లు చికిలించి వెలుతురుకు ఎత్తింది. ముళ్ల వీపు. ఉంగరంలా చుట్టుకున్న తోక. ముందుకు ఉబికిన చిన్న పొట్ట.

"కడుపుతోటి ఉన్నదేంది గిది?"

"ఉండె దాదీ" అంది కల్యాణి, మెల్లగా. "కానీ అది ఆడిది కాదు. మొగది."

"మొగది?"

"వీటిల మొగదే మోస్తది. ఆడిది గుడ్లు తెచ్చి దాని సంచిల పెడ్తది. పిల్లలయ్యేదాంక మోసి, నొప్పులు పడి కనేది మొగదే."

రుక్కి నోరు తెరిచింది. ఖమర్ బీ కూడా. ఇన్నేళ్లూ తన వేళ్ల మధ్య నుంచి పోయిన సంగతి ఇది.

"మొగోడు నొప్పులు పడ్తడా?"

"పడ్తడు దాదీ. నేను గాజుతొట్టిల పెట్టి చూసిన. పిల్లలు పొగ లెక్క బయటికొస్తయ్, కనురెప్ప వెంట్రుకంత ఉంటయ్. పుట్టంగనే తోకతోని ఏదో ఒకటి పట్టుకుంటయ్, కొట్టుకపోకుండ."

రుక్కి చాలాసేపు చూసింది. ఐదుగురిని కని, ఇద్దరిని మట్టిలో పెట్టి, కొడుకు వదిలిన పిల్లను మళ్లీ పెంచిన చేతిలో, గోరంత తండ్రి.

"మొగోడు కడుపు మోసే దేశం ఉన్నదా?" అని తనలో తానే అంది. "నాకు ఎవలూ చెప్పలే."

అప్పుడు మనవరాలిని దగ్గరికి లాక్కుంది. పిల్ల తల తన భుజం మీద, తన తల పిల్ల తల మీద. గొంతు ఎత్తింది.

ఖమర్ బీ ఆ రాగాన్ని తండా పెళ్లిళ్లలో విన్నది. దాని పేరు 'ఢావ్‌లో'. పిల్లను అత్తారింటికి సాగనంపేటప్పుడు ఏడుస్తూ పాడే పాట. అది మొదలైతే పిల్ల గడప దాటినట్టే. పెళ్లి కాని పిల్లకు ఎవరూ పాడరు. నడి అంగడిలో అసలే పాడరు. బేరాలు ఆగాయి. తక్కెళ్లు ఆగాయి.

"పెండ్లికొడుకు ఏడి?" అన్నాడు సురేందర్, అయోమయంగా.

"ముంగటనే పోయి కూసున్నడు" అంది ఖమర్ బీ, పొలుసుల కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఉప్పునీళ్ల మనిషి. జర పెద్ద ఇల్లు."

స్టేషన్ దాకా ముగ్గురూ నడిచారు. బండి ఆగింది రెప్పపాటే. కల్యాణి డబ్బా తీసుకోలేదు. "ఈడనే ఉండనియ్యి అవ్వా, నిండాలె" అంది. రుక్కి పాదాలకు, ఖమర్ బీ పాదాలకు మొక్కి ఎక్కింది. కిటికీలోంచి చేయి కనిపించింది, తర్వాత ఆఖరి పెట్టె ఎర్ర దీపం, తర్వాత పట్టాలు.

దుకాణం కట్టేయడానికి తిరిగి వచ్చారు. ఖమర్ బీ బస్తాల మూతులు కుట్టింది. రేపు పొద్దున రైల్లో కొత్త బస్తా వస్తుందని, కొంచెం పెద్దదని చెప్పింది. రుక్కి గాజులు పైకి నెట్టుకుంది.

"రేపు పొద్దుగాల్నే వస్త. ఏరుడు నాకు గూడ నేర్పు."

తక్కెడ పక్కన, ఇంకా మూత పెట్టని పాలపొడి డబ్బాలో గుర్రపు పిల్ల ఉంది, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు తోక చుట్టుకుని.