నాగక్క మిషను

దుర్గకు పని దొరికిన పొద్దునే వాళ్లమ్మ నాగక్క పని పోయింది.

సారపాక రోడ్డు మీద వెంకటరామారావుకు విస్తరాకుల షెడ్డు ఉంది. అడవి ఊళ్ల ఆడవాళ్లు అడ్డాకులు కుట్టి, వేడి మిషన్ల కింద నొక్కి ప్లేట్లు చేస్తారు. నాగక్క ఆ షెడ్డులో చేరేనాటికి దుర్గ చంకబిడ్డ. ఇప్పుడు ఇంటర్ పాసైంది.

ఈమధ్యే కొత్త చట్టం వచ్చింది. చిన్న వ్యాపారి కొత్తగా ఎవరికైనా పని ఇస్తే అతనికి పన్ను తగ్గుతుంది. టీవీలో ఆ మాట విని ఊరంతా సంబరపడింది. చదువుకున్న ఆడపిల్లలంతా షెడ్డుకు పోయి పేర్లిచ్చారు. అక్కడ పనిచేసేవాళ్ల ఇళ్ల పిల్లలనే యజమాని ఏరి ఏరి ఎందుకు తీసుకున్నాడో ఎవరికీ తట్టలేదు.

ఇవాళ తెలిసింది. పిల్లలను లోపలికి పంపి, పెద్దవాళ్లను గేటు బయటే ఆపేశాడు. సొంత పిల్లల పనికి అడ్డుపడి ఎవరూ గొడవకు దిగరని అతని లెక్క.

"ఏంది సారూ గిది?" అందరిలోకి పెద్దదైన పుల్లమ్మ గేటు పట్టుకుని ఊపింది. "నా కోడలిని పెట్టుకొని నన్ను ఎల్లగొడ్తవా?"

"కొత్తవాళ్లకు పని ఇమ్మంది చట్టం. ఇచ్చాను. అదీ మీ ఇళ్లలోవాళ్లకే!" వెంకటరామారావు నవ్వాడు.

"పాతోళ్లను తీసెయ్యమన్నదా?"

"వద్దని కూడా అనలేదుగా."

ఆ మధ్యాహ్నం పని పోయినవాళ్లంతా కార్మిక శాఖ ఆఫీసుకు పోయారు. అక్కడి అధికారి ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ విన్నాడు. "చట్టంలో చేరినవాళ్ల గురించే ఉందమ్మా. పోయినవాళ్ల ముచ్చట లేదు. నేనేం చెయ్యను?"

"గదంత రాసినోళ్లకు మేం యాదికే రాలేదా?" అంది నాగక్క. ఆయన ఫోను మోగింది. వాళ్లు బయటికి వచ్చేశారు.

సాయంత్రం పుల్లమ్మ వాకిట్లో మాటలు కాస్తా తగాదా అయ్యాయి.

"నేను పని ఇడువను. ఇంత సదివి మళ్ల అడవిల ఆకులు ఏరాల్నా?" అంది పుల్లమ్మ కోడలు శ్యామల.

"అవ్, దొరసానివి! నా కడుపు కొట్టి కూసో పో," అని పుల్లమ్మ గయ్యిమంది.

"నేను కొట్టిన్నా? ఆ సారును అడగరాదూ!"

దుర్గ నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. గోడకు ఆనుకుని చాలాసేపు విన్నది. చివరికి తల వంచుకునే అంది: "అడవిల ఒకరు గడ్డి ముడి కట్టి తమదన్న ఇప్పచెట్టు కింద, ఇంకొకరం పువ్వు ఏరుతమా?"

"ఎట్ల ఏరుతమే? ఊరు ఊకుంటదా?" అంది పుల్లమ్మ.

"మరి అమ్మ మిషను మీద నేనెట్ల కూసోవాలె?"

శ్యామల అత్త వైపు చూడలేక చేతిలోని గడ్డిపోచను మెలిపెట్టింది.

మర్నాడు పిల్లలు షెడ్డులోకి పోయి ఎవరి ఇంటివాళ్ల మిషనుకు వాళ్లు గడ్డి ముడి కట్టి, కింద కూర్చున్నారు. మిషన్లు వేడెక్కాయి. ఒక్క ప్లేటు పడలేదు. ఖమ్మంలో పెళ్లికి సరుకు తీసుకుపోవాల్సిన లారీ హారన్ కొడుతూనే ఉంది.

"ఇది నేను కొన్న మిషను!" అని వెంకటరామారావు అరిచాడు.

"కొన్నది నువ్వే సారూ. నడిపింది మా అత్త," అంది శ్యామల.

లారీ డ్రైవరు వెళ్లిపోతానని బెదిరించేసరికి యజమాని దిగివచ్చాడు. గేటు తెరిచాడు. "సరే, పాతవాళ్లే రండి. ఈ పిల్లలు ఇంటికి పోవాలి. అంతేగా మీక్కావలసింది!"

అమ్మకు పని దొరికితే చాలు అనుకుంది దుర్గ. కానీ కళ్లలో నీళ్లు ఆగలేదు. నాగక్క లోపలికి వచ్చింది. తన మిషను దాకా నడిచింది. దాని మీద కూర్చోలేదు. కింద, కూతురి పక్కన చతికిలబడింది.

"మా బిడ్డలకు పని ఇస్తవనే నీకు పన్ను తగ్గిచ్చిన్రు. మా పని మాకియ్యి, ఆళ్ల పని ఆళ్లకియ్యి. అప్పటిదాక లేవం."

మిగతా తల్లులూ, అత్తలూ వచ్చి కూర్చున్నారు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది, వెనకాలే వ్యాను వచ్చింది.

"లేవండి, అందరూ ఎక్కండి. పేర్లు చెప్పండి. ముందు ఈ కొత్తగా చేరినవాళ్లు..." అంటూ ఎస్సై పెన్ను తీశాడు.

దుర్గ లేచి నిలబడింది. తల ఎత్తి ఎస్సై వైపు చూసింది.

"కొత్తోళ్లనే కాదు సారూ, పాతోళ్లను గూడ రాయిన్రి. ఈసారన్న ఒక్క పేరు ఇడువకుండ రాయిన్రి."