సుత్తి లేచినప్పుడు

ఎజీదియోను కాపలావాళ్లిద్దరు చెరో రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లారు. ముప్పై ఏళ్లు బండిచక్రమంతేసి చీజ్ చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి లోపలి మంచిచెడ్డలు చెప్పిన మనిషి. ఆయన సుత్తి లేస్తే గోదాములో అందరూ నోరు మూసుకుని వినాలి. యజమాని తాత పెట్టిన కట్టుబాటు అది. ఈరోజు ఆయన పై అరలో ఓ చక్రాన్ని తట్టాడు. చెక్క పలికింది. చెక్కే మరి, రంగు పూసిన చెక్క.

చూస్తూ నిలబడ్డ, ఆయన దగ్గరే పని నేర్చుకున్న ఒర్నెల్లా చేతిలో యజమాని రవాజీ అదే సుత్తి పెట్టాడు.

"ఇక నువ్వే తట్టాలమ్మా. రేపు ఆడిటర్ వస్తుంది. కింది అరలు తట్టి చూపించు, ముప్పై వేల చక్రాలూ సరుకేనని సంతకం పెట్టు. బ్యాంకు అప్పిస్తుంది, మీ కొలువులు నిలుస్తాయి."

సాయంత్రం చర్చి పక్క గదిలో పనివాళ్లంతా చేరారు.

"పెట్టెయ్ అక్కా," అంది మారీసా. "లెక్కలు వాళ్లవి, పాపం వాళ్లది. నాకు ఇద్దరు పిల్లలు."

"మీ అత్త పాలమ్మిన డబ్బంతా ఈ కంపెనీ బాండ్లలోనే పెట్టిందిగా?" అన్నాడు ఎజీదియో. "ఆ చెక్కను చూపించే ఆమెకు ఆ బాండ్లు అంటగట్టారు. రేపు ఇంకో ముసలమ్మకు అంటగడతారు."

మారీసా తల దించుకుంది.

"రంగు పూసింది నా చేతులే తాతా," అంది ఒర్నెల్లా. "అలంకారానికన్నారు. నమ్మితే హాయిగా ఉంటుందని నమ్మాను." చీజ్ చేసేవాళ్లు కొలిచే లూచో స్వామి పటం గోడమీద ఉంటే, దాని వైపు తిరిగింది. "పేదలకు చీజ్ పంచావని నిన్ను నీ యజమాని చంపాడంటారు. పిల్లల కూటి కోసం అబద్ధమాడితే నువ్వు ఒప్పుకుంటావా స్వామీ?"

"ఆయన పలకడే అక్కా, మనమే పలకాలి," అంది మారీసా. "నువ్వొక్కదానివే తడితే తాతలాగే ఈడ్చేస్తారు. మా మామ సుత్తి ఇంట్లో ఉంది. తెస్తా."

పొద్దున కింది అరలు నిండుగా మోగాయి. ఆడిటరమ్మ తలూపుతూ రాసుకుంది. ఒర్నెల్లా నిచ్చెన ఎక్కింది.

"ఏయ్, దిగు! అక్కడ నీకేం..."

ఒర్నెల్లా సుత్తి ఎత్తింది. చిన్నప్పటి అలవాటు, రవాజీ నోరు దానంతటదే మూతపడింది.

ఠక్. చెక్క.

మారీసా మరో నిచ్చెన ఎక్కింది. తర్వాత పదిమంది, తర్వాత అందరూ. సుత్తులు, గరిటెలు, చెప్పు మడమలు. ఠక్, ఠక్, ఠక్. ఆడిటరమ్మ పెన్ను ఆగిపోయింది.

"గేటుకు తాళం వేయిస్తా! అందరూ రోడ్డున పడతారు!" అని అరిచాడు రవాజీ.

"పడతాం," అంది ఒర్నెల్లా. "చెక్కను మాత్రం చీజ్ అనం."

మధ్యాహ్నానికి గేటుకు తాళం పడింది. కంపెనీ సరుకు పాడుచేసిందని పోలీసులు ఒర్నెల్లాను జీపెక్కించారు. అప్పటికే పాల లారీలు దారికి అడ్డం ఆగాయి. రైతులు దిగి, పనివాళ్లతో కలిసి చేతికందినదానితో గేటును బాదుతున్నారు. "చెక్క లెక్కలు ఊరి ముందు పెట్టు! ఒర్నెల్లాను వదులు!" మారీసా అత్త పాలక్యాను మూతతో బాదుతోంది.

జీపులో ఒర్నెల్లా అలవాటుగా చెవి వంచి విన్నది. ఆ మోతలో ఎక్కడా బోలు లేదు.