పూలజడ మీద పాట

"నువ్వూ రావే, ఆ మిక్సింగ్ సంగతి నీకే తెలుసుగా," అన్నాడు జానకిరామ్, తిన్న ఇడ్లీ ప్లేటు అక్కడే నేల మీద వదిలేస్తూ. కంప్యూటర్ కొనడానికి పెళ్ళాన్ని సలహా అడిగే మొగుళ్ళు పటమట మొత్తంలో ఎంతమంది ఉంటారని గంగాదేవి ఒక్క క్షణం మురిసింది కూడా. పిచ్చిది. ఆ ప్లేటు తీసి కడిగి, పప్పు ఉడికించి, అత్తగారికి మాత్రలు అందించి, చీర మార్చుకుని వచ్చేసరికి వాకిట్లో స్కూటర్ హారన్ మూడుసార్లు మోగింది.

వీడియో స్టూడియో ఆయనది. పెళ్ళిలో కెమెరా పట్టేది ఆయన, క్యాసెట్ మీద పేరు ఆయనది. ఇంటి వెనక గదిలో రెండు వీసీఆర్లూ ఒక మిక్సరూ ముందేసుకుని, తొమ్మిదేళ్ళుగా ఆ పెళ్ళిళ్ళన్నిటినీ మూడేసి గంటలకి కుదించి పాటలు వేసేది ఈమె. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది," అంటాడు. 2003 వచ్చింది. బెజవాడలో పెద్ద స్టూడియోలన్నీ మిక్సింగ్ కంప్యూటర్ మీదే చేస్తున్నాయి, ఇక తప్పదని ఈయనా దిగాడు.

విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చే శివాజీ, షాపులో కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. జానకిరామ్ గడగడా చెప్పుకుపోయాడు. పందొమ్మిది అంగుళాల మానిటర్, పెళ్ళి పార్టీలొచ్చి చూస్తారు కాబట్టి. నీలం లైటు వెలిగే క్యాబినెట్. తెర మీద గులాబీలు రాలుస్తూ, వధూవరుల్ని గుండె బొమ్మలో గిరగిరా తిప్పే ఖరీదైన ఎఫెక్టుల కార్డు. హార్డ్ డిస్క్ మాత్రం ఎనభై జీబీది ఒక్కటి చాలు.

"రెండు కావాలండీ," అంది గంగాదేవి. గంట టేపు ఎక్కిస్తే పదమూడు జీబీ తింటుందనీ, ఒక్కో పెళ్ళికి నాలుగైదు టేపులుంటాయనీ, అన్నీ ఒకే డిస్క్‌లో కుక్కితే పని నత్తనడకేననీ వివరించింది. మేడమ్ చెప్పింది కరెక్టేనన్నాడు శివాజీ. జానకిరామ్ నవ్వాడు. పార్టీ క్యాసెట్ తీసుకెళ్ళగానే చెరిపేస్తే సరి, దాచుకోవడానికి అదేమైనా ఆవకాయా అన్నాడు.

చెరిపేస్తే సరి. ఆ మాటకి గంగాదేవికి ఒక పూలజడ గుర్తొచ్చింది.

రెండేళ్ళ క్రితం ఉయ్యూరు పెళ్ళి. పెళ్ళికూతురు జ్యోతిర్మయి. పూలజడ బాగుందని జానకిరామ్ వెనక నుంచి చాలాసేపు తీశాడు. జడ కుడుతున్న మేనత్తతో ఆ పిల్ల గొంతు తగ్గించి, "అత్తా, నాకీ పెళ్ళి వద్దు. అతన్ని చూస్తే భయమేస్తోంది," అంది. మేనత్త చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్ళీ సూది గుచ్చింది. తీసినవాడికి జడ కనబడింది. మాట వినబడింది గంగాదేవికి, హెడ్‌ఫోన్‌లో, పెళ్ళయిన నెల తర్వాత. మొగుడికి చెబితే, పెళ్ళికూతుళ్ళన్నాక అలాగే అంటార్లే, నువ్వు బొమ్మ చూడు, మాటలు మనకెందుకు అన్నాడు. నిజమే, పెళ్ళి వీడియోలో మొదట్నించి చివరిదాకా సినిమా పాటలే గాని మనుషుల మాటలుండవు. తనూ ఆ పూలజడ మీద మంచి పాట చూసి వేసింది. తర్వాత, అన్ని స్టూడియోల ఆనవాయితీ ప్రకారం, అసలు టేపు చెరిపి హనుమాన్ జంక్షన్‌లో ఒక గృహప్రవేశానికి వాడేశారు. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల పోయింది. కడుపునొప్పి అన్నారట అత్తింటివాళ్ళు. అప్పట్నించి ఏ పెళ్ళికూతురి జడ తెర మీదికొచ్చినా గంగాదేవి చెవుల్లో అదే గొంతు. వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆగదు. వంటింట్లో పోపు చిటపటల్లోనూ, అత్తగారు పిలిచే పిలుపు వెనకా అదే.

పోయిన వారం ఆ పిల్ల తల్లి సంపూర్ణమ్మ వెతుక్కుంటూ వచ్చింది. మూడు గంటల క్యాసెట్‌లో కూతురి మాట ఒక్కటీ లేదనీ, ఎక్కడైనా గొంతు మిగిలిందేమో చూడమనీ అడిగింది. టేపు లేదని చెప్పింది గంగాదేవి. మాట గుర్తుందని మాత్రం చెప్పలేదు. మజ్జిగ ఇచ్చి పంపించింది. ఆ రోజు నుంచి తన మీద తనకే అసహ్యం.

షాపులో శివాజీ కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఆ ఎఫెక్టుల కార్డు కొట్టేసి రెండో డిస్క్ రాయండి, నూట ఇరవై జీబీది," అంది గంగాదేవి. "మంచి సౌండ్ కార్డూ రాయండి. మానిటర్ చిన్నదైనా పర్లేదు."

"కొనేది నేనా నువ్వా?" అన్నాడు జానకిరామ్, నవ్వు పోకుండా జాగ్రత్తపడుతూ.

"కొనేది మీరే. కూర్చునేది నేను. మాటలు చెరిపే పని ఇక నేను చెయ్యనండీ. చెయ్యాలంటే దాని ముందు మీరే కూర్చోండి."

గొంతేమీ పెంచలేదు. జానకిరామ్‌కి వెనక గదిలో ఏ స్విచ్ దేనికో కూడా తెలియదు. తెలియదన్న సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. శివాజీ తలెత్తకుండా ఆ కార్డు కొట్టేసి, డిస్క్ రాసుకున్నాడు.

బయటికొచ్చి స్కూటర్ ఎక్కమన్నాడు మొగుడు. తను రాననీ, పప్పు ఉడికే ఉందనీ, పోపు పెట్టుకోమనీ చెప్పి ఉయ్యూరు మీదుగా వెళ్ళే బందరు బస్సెక్కింది. కొత్త డిస్క్ ఇక రాబోయే వాళ్ళ మాటలు దాస్తుంది. పోయిన పిల్ల మాట మాత్రం, మేనత్త ఎటూ నోరు విప్పదు కాబట్టి, ఈ లోకంలో తన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదనుకుంది.

ఉయ్యూరులో సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. గంగాదేవి పక్కనే కూర్చుని, మేనత్తతో ఆ పిల్ల అన్న మాటా, దాని మీద తను వేసిన పాటా ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిట్టినా పడదామనే వచ్చింది.

సంపూర్ణమ్మ తిట్టలేదు, ఏడవలేదు. చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"ముందు రోజు మీ కెమెరా తిరుగుతుండగానే నాతోనూ అందమ్మా," అంది. "నోరు ముయ్యమన్నాను. నేనన్న ఆ మాట మీ టేపుల్లో ఎక్కడన్నా మిగిలిపోయుంటే చెరిపించుకుందామనే వచ్చాను ఆ రోజు."