నాలుగింటి కుళాయి

మాణిక్యం వదిన పేకముక్కలు పంచుతోంది, నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను, ఆమె పోయి రెండేళ్ళయిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు గానీ, ఆట మధ్యలో ఆ మాట ఎత్తడం మర్యాద కాదన్నట్టు ఇద్దరమూ ఊరుకుంటున్నాం. చాప తెనాలిలో వాళ్ళింటి వెనక వసారాలో పరిచేదే, కానీ వసారాకు గోడలు లేవు, గోడలుండాల్సిన చోట ఎండ గంజిలా తెల్లగా పరుచుకుని ఉంది, ఆ తెలుపులో ఎక్కడో కుళాయి కింద బిందె నిండి పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీళ్ళొచ్చినయ్ వదినా," అంటాను.

"రానీ. ముక్క తియ్యి," అంటుంది.

పూర్వం ఇలా కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేమిద్దరం, పక్కింటివాళ్ళిద్దరు, అర్ధరూపాయి పందెం. నాలుగింటికి మునిసిపాలిటీ కుళాయి రాగానే చేతిలో ఎంత మంచి ముక్కలున్నా పడేసి లేవాలి. ఆ నియమం పెట్టింది మాణిక్యమే. మాలో ఎవరికైనా ఆట తలకెక్కితే రెండోవాళ్ళు మొహం మీదే చెప్పెయ్యాలని నా చేత ఒట్టు వేయించుకున్నదీ ఆమే. "పుస్తకాలు చదివేదానివి, నీకే ముందు తెలుస్తుందిలే భ్రమరం," అని ఆటపట్టించింది. బడి ముఖం చూడకుండా, పచారీ కొట్టు పొట్లాలు విప్పి ఆ కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆ మాటకు మురిసిపోయాను.

ముక్క తీస్తాను, దాని మీద బొమ్మ లేదు. ఇంకోటి తీస్తాను, దాని మీదా లేదు. తీస్తున్నకొద్దీ కట్ట పెరుగుతోంది. మాణిక్యం ముందుకు వంగుతుంది, పైట జారుతుంది, మెడలో సూత్రాలు లేవు, పసుపుతాడుకు కట్టిన పసుపు కొమ్ము ఉంది.

"చూశావుగా?" అంటుంది.

"చూశాను."

"ఇప్పుడు కాదు. అప్పుడు."

అప్పుడూ చూశాను. సూత్రాలు మెరుగు పెట్టడానికిచ్చానని ఆమె అంది, మెరుగు పెట్టడానికి ఆర్నెల్లు పడుతుందా అని నేను అడగలేదు. అప్పటికే పక్కింటివాళ్ళు రావడం మానేశారు, మేమిద్దరం ఎవరెవరిళ్ళకో పెద్ద పందేలకు పోతున్నాం, నాలుగు గంటలన్నది ఒకటుందని కూడా మరిచిపోయాం.

"చూసి ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు మానేస్తే నాకు ఆటెక్కడిది వదినా?"

ఈ మాట ఇంతవరకూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. మాణిక్యం కోప్పడదు, నవ్వుతుంది. "ఇది నీ నోట్లోంచి రావడానికి నేను చావాల్సొచ్చింది," అంటుంది.

ఎప్పుడు లేచామో తెలియదు గానీ చాప ఇప్పుడు ఆసుపత్రి వరండాలో ఉంది, జనం మమ్మల్ని దాటుకుని పోతున్నారు, ఆమె కాలికి కట్టు ఉంది, చక్కెర జబ్బు పుండు కట్టు, కట్టులోంచి తడి పైకి పాకుతోంది. నేను ఆ కాలు పట్టుకుంటాను, అది దూదంత బరువు కూడా లేదు.

"ఆ రోజు కబురు పంపితే రాలేదేం?"

"వద్దామనే అనుకున్నాను. ఈ ఒక్క ఆట అయ్యాక వద్దామని..."

"ఎవరు గెలిచారు?"

"నేనే."

"పోన్లే. ఒకరన్నా గెలిచారు," అంటుంది, ఎగతాళిగానో, నిజంగానో తెలియదు. "ఇప్పుడు ఎవరితో ఆడుతున్నావ్?"

"ఎవరితోనూ కాదు. ఫోన్లో."

"దానికి కుళాయి ఉందా?"

"లేదు."

"గెలిస్తే ఏం చేస్తావ్?"

"ఇంకో ఆట ఆడతాను."

"ఓడితే?"

"ఇంకో ఆట."

"రెంటికీ ఒకే జవాబా? ఇంక దాన్ని ఆటంటారా పిచ్చిమొహమా?" అని నా గడ్డం పట్టుకుని పైకెత్తుతుంది. "ఏం చదువుతున్నావ్ ఈమధ్య?"

ఏదో పేరు చెప్పబోతాను, నోట్లో పేరు లేదు. పుస్తకం తెరిచే ఉంటుంది, దాని మధ్యన ఫోను ఉంటుంది, అత్తయ్య చదువుకుంటోందని మా కోడలు హైమ టీవీ చప్పుడు తగ్గిస్తుంది. అదంతా చెబుతాను. బీపీ మాత్రలకని హైమ ఇచ్చిన డబ్బు ఎటు పోయిందో, ఉన్న మాత్రల్ని సగానికి విరిచి ఎలా సాగదీస్తున్నానో కూడా చెబుతాను.

"నేనూ సూదిమందు రోజు విడిచి రోజు చేసుకున్నా. అచ్చం ఇట్టాగే," అంటుంది మాణిక్యం, ఒకే ఊరివాళ్ళమని తెలిసినప్పుడు మాట్లాడే గొంతుతో.

"అయితే నువ్వు చెప్పు వదినా. ఒట్టు నీకూ ఉంది కదా. చాలు భ్రమరం అని ఒక్క మాట అను, మానేస్తాను."

"చచ్చినదాని మాట మెలకువొస్తే ఎటు పోద్దో. బతికున్నవాళ్ళకి చెప్పు."

"హైమకా? ఏం మొహం పెట్టుకుని?"

"ఉన్న మొహమే పెట్టుకుని. కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తావ్? ఫోను ఆ పిల్ల చేతికిచ్చెయ్. డబ్బులు నీ చేతికివ్వొద్దను. ఒక్కసారి చెప్తే సరిపోదు, మళ్ళీ బుద్ధి పుడతది, మళ్ళీ చెప్పుకోవాల. నేను ఒక్కసారన్నా చెప్పలేకపోయా మా ఇంటాయనకి. కొమ్ము కనపడకుండా పైట సర్దుకోడంతోనే పోయినయ్ నా రోజులన్నీ."

ఆమె లేస్తుంది. కట్టు కాలు ఈడ్చుకుంటూ ఆ తెల్లటి ఎండలోకి నడుస్తుంది, భుజాలు ముందు కరిగిపోతున్నాయి, తర్వాత జడ. కిందటిసారి ఆమె పోతున్నప్పుడు నేను లేను, ఈసారన్నా ఆపాలి, వెళ్ళొద్దు వదినా అనాలి, గుండెనిండా గాలి పీల్చుకుని నోరు తెరుస్తాను.

"ఉండు వదినా, ఈ ఒక్క ఆట," అంటాను.

మాణిక్యం వెనక్కి తిరిగి చూస్తుంది.

"అత్తయ్యా. అత్తయ్యా, లేవండి."

హైమ మంచం పక్కన నిలబడి ఉంది, చేతిలో కాఫీ గ్లాసు. కిటికీలో ఇంకా ఎండ ఉంది.

"ఏంటత్తయ్యా, నిద్దట్లో దుప్పటి మీద అట్లా రాస్తున్నారు?"

చూసుకున్నాను. నా కుడిచేతి బొటనవేలు దుప్పటి మీద ఎడమకు జరుగుతోంది, ఎత్తి మళ్ళీ ఎడమకు జరుగుతోంది. 'తిమ్మిరి పట్టిందమ్మా' అన్న మాట నాలుక చివరకు వచ్చేసింది, ఆలోచించనక్కర్లేకుండానే. ఎడమచేత్తో ఆ వేలిని గట్టిగా పట్టుకున్నాను. పట్టు లోపల కూడా అది కదులుతూనే ఉంది.

"కాఫీ అక్కడ పెట్టి ఇట్లా కూర్చో హైమా," అన్నాను.