ఉత్త చేతులతో రా

సొరకాయ బజ్జీలు మాన్పించాలన్న ఆలోచన సాన్ యీది కాదు. సింగపూర్‌లో ఉండే విన్ పేది. కానీ వద్దని ఆమె అనలేదు. పైగా ఆ కబురు యాంగోన్ శివారు ఇన్‌సేన్ దాకా మోసుకెళ్ళింది ఆమే.

వాళ్ళ బ్యాచి వాళ్ళు ఏటా డిసెంబరులో యాంగోన్‌లో కలుస్తారు. ఇంజనీరింగ్ చదువు చెప్పిన గురువుల్లో మిగిలినవాళ్ళని వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టి, తలలు నెరిసిన శిష్యులంతా నేల మీద మోకరిల్లి దండం పెట్టుకుంటారు. తర్వాత అందరూ కలిసి చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా తింటారు. ఊళ్ళో ఉన్నవాళ్ళూ, దేశం దాటినవాళ్ళూ తలా ఒకటి మీద వేసుకుంటారు. హాలు ఒకరిది, శాలువాలు ఒకరివి, గురువుల మందులు ఒకరివి. ఆ చేపల పులుసులో తుంచి వేసుకునే సొరకాయ బజ్జీలు మాత్రం మొదటినుంచీ ఛిట్ స్వేవే. ఆ పని అతనికి ఎవరూ అప్పజెప్పలేదు. అతని తల్లి ఇన్‌సేన్ బజారులో బజ్జీలు వేసి కొడుకుని ఇంజనీరుని చేసింది. చదువుకునే రోజుల్లో అతను పొద్దున్నే వేడి వేడి పొట్లంతో డ్రాయింగు హాల్లోకి వచ్చేవాడు. క్లాసంతా ఎగబడి తినేది. ఒకసారి సాన్ యీ గీసిన వంతెన మీద నూనె మరక పడింది. వాళ్ళ గురువు సయా ఊ బ తాన్ ఆ కాగితం వెలుగుకి ఎత్తి పట్టుకుని, "ఈ వంతెనకి సిమెంటు వాడావా అమ్మాయ్, వేరుశెనగ నూనె వాడావా?" అన్నారు. క్లాసు గొల్లుమంది. ఆయన కాగితం దించి, "ఏరా ఛిట్ స్వే, మిగిలాయా?" అని చెయ్యి చాపారు.

ఆ సయాకి ఇప్పుడు తొంభై దాటాయి. ఏటా ఒక్క బజ్జీ నోట్లో పెట్టుకుని, "మీ అమ్మ చెయ్యి" అనడం ఆయనకి అలవాటు. ఆ మాట వినడానికే ఛిట్ స్వే ఏడాదంతా బతుకుతాడని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు.

ఆ ఏడు సభకి నెల ముందు, నవంబరులో, విన్ పే సాన్ యీకి ఫోను చేశాడు.

"వాడికి కంటి ఆపరేషనైంది. పెళ్ళానికి మోకాళ్ళు పట్టేశాయి. రైల్వే పెన్షను ఏ మూలకి? ఇంకా వాళ్ళని నూనె ముందు నిలబెట్టడం మనకి సిగ్గుగా లేదూ? బజ్జీలతో సహా అంతా హోటలుకి చెప్పేశాను. వాడి పేరు మాత్రం మైకులో మామూలుగానే చదువుదాం. వాడికి శ్రమా ఉండదు, చిన్నతనమూ ఉండదు. ఎలా ఉంది?"

అన్ని వైపులా లెక్క సరిపోయినట్టే అనిపించింది సాన్ యీకి. ముప్ఫై ఏళ్ళు రోడ్లూ కల్వర్టులూ కట్టించిన మనిషి. భారం ఎక్కడ పడుతుందో చూసి అక్కడ తగ్గించడమే ఆమెకి తెలిసిన విద్య.

ఆమె వాళ్ళింటికి వెళ్ళేసరికి ఛిట్ స్వే లుంగీ ఎగ్గట్టి సొరపాదు పందిరి కింద నిలబడి ఉన్నాడు.

"రా రా, పెద్దింజనీరమ్మా! చూశావా కాపు? తలకి తగలకుండా నడవాలంటే వంగాల్సిందే. సయాలకి కాదు, ముందు నా సొరకాయలకి దండం పెట్టు."

సాన్ యీ నవ్వుతూ వంగింది. రెండు లేతకాయల మీద సున్నపు చుక్కలు కనిపించాయి. దిష్టికి కాబోలు అనుకుంది. వచ్చిన పని చెప్పింది.

అతను కాసేపు పైన ఆకుల్లోకి చూశాడు. "మంచిదేగా. విశ్రాంతి," అన్నాడు. తర్వాత, "సయా ఊ బ తాన్ వరకూ ఓ నాలుగు ముక్కలు టిఫిన్ డబ్బాలో తెస్తాలే," అన్నాడు.

"ఎందుకయ్యా శ్రమ? అన్నీ హోటలు వాళ్ళే చూసుకుంటారు. నువ్వు ఉత్త చేతులతో రా, చాలు."

అతను సరేనని తలాడించాడు. వాళ్ళ దేశపు మనుషులకి వద్దనడం రాదు. అవతలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమోనని తమ కాళ్ళ కింద నేలైనా ఇచ్చేస్తారు. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ సాన్ యీకి తెలుసు. తెలిసి కూడా ఆ తలాడింపుని ఒప్పుకోలు అనుకుని రైలెక్కేసింది.

ఆ డిసెంబరులో ఛిట్ స్వే ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్య మ్యా థాన్‌తో వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి వెనక్కి కట్టుకుని, ఒకసారి జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గరే తచ్చాడాడు. ఏటా ఆ వేళకి వంటింట్లో అందరినీ అదిలిస్తూ ఉండేవాడు. గురువులకి దండాలు అయ్యాయి. సింగపూర్ నుంచి వచ్చిన విన్ పే మైకు పట్టుకుని దానాలు చదివాడు. ఒక్కో పేరుకీ జనం "సాధు, సాధు, సాధు" అంటున్నారు.

"సొరకాయ బజ్జీల దానం, ఊ ఛిట్ స్వే, డా మ్యా థాన్ దంపతులు!"

"సాధు, సాధు, సాధు!"

అక్కడితో ఆగినా బాగుండేది. విన్ పేకి ఉత్సాహం ఎక్కువైంది. "ఏటా వంటింట్లో దాక్కుంటావు. ఇవాళ దొరికావు. రారా, పుణ్యం పంచు!" అంటూ మైకు తెచ్చి అతని నోటి దగ్గర పెట్టాడు.

దానం చేసినవాడు, నా పుణ్యంలో మీరూ పాలు తీసుకోండి అని నోరారా పిలవాలి. అప్పుడే ఆ దానం నిండుతుంది. ఛిట్ స్వే మైకు వంక చూశాడు. వేదిక మీది గురువుల వంక చూశాడు. ఆ ఉదయమే వాళ్ళందరూ కలిసి, అబద్ధం ఆడబోమని పంచశీలం పుచ్చుకున్నారు. అతని చెవులు కందిపోవడం మూడో వరసలో ఉన్న సాన్ యీకి కనిపించింది.

"అందరూ... పాలు పుచ్చుకోండి," అన్నాడు.

"సాధు, సాధు, సాధు!" హాలు మారుమోగింది. సాన్ యీ కూడా అంది.

తినేటప్పుడు సయా ఊ బ తాన్ పళ్ళెంలోని బజ్జీ కొరికి, తిప్పి చూసి, పక్కన పెట్టేశారు. "ఇది ఛిట్ స్వేది కాదే. మైకులో వాడిదన్నారుగా? వాడికి ఒంట్లో బాగాలేదా?" అన్నారు పెద్దగా. చెవులు వినపడని మనిషి, గొంతు తగ్గించడం తెలియదు. సాన్ యీ గభాలున ఆయన చెవి దగ్గరికి వంగి, "ఈసారి హోటలులో చేయించాం సయా, పాపం వాడికి శ్రమని," అంది. ఆయన ఆమెకేసి తిరిగారు. "వాడు చెప్పాడా శ్రమని?" అన్నారు. అంతలో ఎవరో ఫొటోకి పిలిచారు. ఫొటోలో ఛిట్ స్వే లేడు.

ఆ తర్వాత నెలనెలా టీ దుకాణంలో కలిసే చోటికి అతను రావడం మానేశాడు. ఫోను చేస్తే నవ్వుతూనే మాట్లాడేవాడు. ఒకసారి జలుబు, ఒకసారి రైళ్ళు లేవు, ఒకసారి చుట్టాలు. అలిగాడా అని అడగడానికి సాన్ యీకి నోరు రాలేదు. అడిగితే అతను ఇబ్బంది పడతాడని తనకి తాను చెప్పుకుంది. ఇబ్బంది పడేది ఎవరో ఆమెకి లోపల తెలుసు.

వానల్లో సయా ఊ బ తాన్ పోయారు. దహనానికి ఛిట్ స్వే వచ్చాడు. తడిసిన గొడుగు ముడుచుకుని జనం వెనకాల నిలబడ్డాడు. సాన్ యీ వెనక్కి తిరిగి వెతికేసరికి అక్కడ లేడు.

మళ్ళీ నవంబరు వచ్చింది. ఈసారి సాన్ యీయే విన్ పేకి ఫోను చేసింది.

"వాణ్ణి మనం నొప్పించాం."

"నొప్పించామా? ఏం చేశామని? సరేలే, నేను చూసుకుంటాగా," అన్నాడు విన్ పే. వారం తిరక్కుండా యాంగోన్ వచ్చే వాళ్ళెవరితోనో పెద్ద అట్టపెట్టె పంపాడు. నూనె లేకుండా వేపే మిషను. "ఇంక వాడు హాయిగా బజ్జీలు చేసుకోవచ్చు. కంటికి పొగ లేదు, చేతికి సెగ లేదు. చెప్పు వాడికి, నేను ఏరి ఏరి కొన్నానని."

అది ఒళ్ళో పెట్టుకుని సాన్ యీ ఇన్‌సేన్ రైలెక్కింది. ఆ రోజు ఉపోసథం, బౌద్ధుల వ్రతదినం. పెరట్లో ఛిట్ స్వే పొయ్యి ముందు కూర్చుని బజ్జీలు వేస్తున్నాడు. పక్కనే స్టీలు క్యారియర్లు వరసగా ఉన్నాయి. రైల్వే వర్క్‌షాపులో తను చేసుకున్న చెక్క అచ్చులో సొరకాయ పెట్టి కోస్తాడు. ఏ ముక్కా మరో ముక్క కంటే వెంట్రుకవాసి ఎక్కువ మందం ఉండదు.

"ఎవరికి ఇవన్నీ?"

"మా వీధి చివరి విహారానికి. చిన్న సన్యాసులు యమా తిండిపోతులు. నీకంటే ఘోరం!" అన్నాడు. మామూలు ఛిట్ స్వేలాగే ఉన్నాడు. ఆమె గుండె కాస్త కుదుటపడింది. ఇంతలో ఆఖరి వాయి దించి, ఉప్పు తేవడానికి అతను లోపలికి వెళ్ళాడు.

మ్యా థాన్ కుర్చీ తెచ్చి వేసింది. గోడకి రెండు ఎండు సొరబుర్రలు వేలాడుతున్నాయి. నీళ్ళు తోడుకోవడానికి ఒకదాని మెడ కోసి ఉంది. రెండో దాని మీద తెల్లచుక్క ఇంకా కనిపిస్తోంది.

"దిష్టి చుక్కలు ఇంకా పోలేదే," అంది సాన్ యీ ఏదో ఒకటి మాట్లాడాలని.

"దిష్టా, పాడా!" అంది మ్యా థాన్. "అవి సయా గారి కాయలు అక్కయ్యా. ఏటా లేతవి రెండు చూసి, వీటి మీద చెయ్యేస్తే ఊరుకోనని నా తమలపాకుల సున్నం తీసి బొట్టు పెడతాడు. పోయినేడు మీరు వద్దన్నారు కదా. కొయ్యమంటే కొయ్యడు. వేరేవాళ్ళకి పెట్టమంటే పెట్టడు. అట్లా పాదు మీదే ముదిరిపోయాయి."

సాన్ యీ లేచి ఆ తెల్లచుక్కని వేలితో తాకింది.

"ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? లేని పుణ్యం పంచాను మ్యా థాన్, అందరూ సాధు అన్నారు, అన్నాడు. అంతే. మళ్ళీ ఎత్తలేదు. నేను చెప్పానని అనకండి."

ఛిట్ స్వే ఉప్పుతో వచ్చాడు. రైల్లో సాన్ యీ కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఈసారి నువ్వే వెయ్యాలి ఛిట్ స్వే. హోటలు వద్దని చెప్పేశాను. నువ్వు రావాలి. అందరం అడుగుతున్నాం."

అతను బజ్జీల మీద ఉప్పు చల్లుతూ నవ్వాడు. "అందరికీ సుగర్లూ బీపీలూ. ఎవరు తింటారు? ఒక్క తినే మనిషీ వెళ్ళిపోయాడు."

"మిగతా సయాలు ఉన్నారు. మేమున్నాం."

"ఏమోనే. ఈ ఏడు మీ సభ రోజుకే విహారంలో మాటిచ్చేశాను. మాట తప్పితే బాగుండదు కదా."

"ముందు రోజో, తర్వాత రోజో మార్చుకోమని..."

"మార్చుకోమంటే మార్చుకుంటారు పాపం. వాళ్ళు ఏమీ అనరు," అన్నాడు. "అందుకే అడగను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. కోపమైతే బతిమాలుకోవచ్చు.

తోచక, అట్టపెట్టె ముందుకి జరిపింది. అతను చెయ్యి తుడుచుకుని రెండు చేతులతో అందుకున్నాడు. విప్పి, తలకిందులు చేసి, అడుగున చూసి, "హీటరూ ఫ్యానూ. ఇంతేగా! దీంట్లో పిండి జారి కిందికి కారుతుంది. విన్ పేగాడు మెకానికల్లో ఎలా పాసయ్యాడో నాకు అప్పుడూ తెలీదు," అన్నాడు. మ్యా థాన్ కిసుక్కున నవ్వింది.

"వద్దంటే తిరిగి తీసుకుపోతాలే," అంది సాన్ యీ.

"ఎందుకు తీసుకుపోవడం? చాలా బాగుందని చెప్పు. అంత దూరం నుంచి మోయించి పంపాడు. వద్దంటే వాడి మనసు ఎంత కష్టపడుతుంది?"

ఆమె తల వంచుకుంది. అతను ఆమెని అనలేదు, విన్ పే గురించే అన్నాడు. అయినా తల ఎత్తలేకపోయింది.

లేచి వెళ్ళబోతుంటే అతను అరటాకు ముక్క పరిచి బజ్జీలు పేర్చసాగాడు.

"నాకెందుకులే ఛిట్ స్వే, శ్రమ..."

మాట నోరు దాటిపోయింది. అతని చెయ్యి ఆకు మీదే ఆగింది. మ్యా థాన్ అటు తిరిగి క్యారియరు మూతలు సర్దుకోవడం మొదలుపెట్టింది. పొయ్యిలో కట్టె చిటచిటలాడింది.

"కట్టు," అంది సాన్ యీ గబగబా. "అన్నీ కట్టు. ఆకలేస్తోంది."

అతను పొట్లం కట్టి ఇచ్చాడు. ఆమె రెండు చేతులా పుచ్చుకుంది. డ్రాయింగు హాల్లో అయితే అతను ఈపాటికి ఏదో ఒక హాస్యమాడి ఉండేవాడు. "జాగ్రత్తగా వెళ్ళు, చీకటి పడితే రైళ్ళు రద్దీగా ఉంటాయి," అన్నాడంతే. అప్పటికి మధ్యాహ్నం కూడా కాలేదు.

రైలు కదిలాక విన్ పే ఫోను చేశాడు.

"వస్తున్నాడా?"

"లేదు. విహారంలో మాటిచ్చాడట."

"మిషను తీసుకున్నాడా మరి?"

"తీసుకున్నాడు. చాలా బాగుందని చెప్పమన్నాడు."

"హమ్మయ్య! అయితే కోపం లేదన్నమాట. నేను చెప్పలా? నువ్వు ఊరికే కంగారు పడతావు సాన్ యీ. పోనీ ఈసారి కూడా హోటలుకే చెప్పేయనా? వాడి పేరు..."

"పేరు చదవొద్దు," అంది ఆమె. గొంతు పెద్దదైందేమో, ఎదురుగా బుట్టలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు.

రైలు జోగోన్‌లో ఆగింది. చదువుకునే రోజుల్లో డ్రాయింగు చెక్కలు చంకన పెట్టుకుని వాళ్ళంతా దిగిన స్టేషను. ఇప్పుడు దిగినవాళ్ళెవరూ ఆమెకి తెలియదు. ఒళ్ళో పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. నూనె ఆకుని దాటి ఆమె లుంగీ మీద మరక వేసింది. విప్పింది. అన్నీ ఒకే మందం, ఒకే పొడవు. డాక్టరు నూనె ముట్టుకోవద్దన్నాడు. ఆమె ఒకటి తీసి కొరికింది. "మీ అమ్మ చెయ్యి" అందామంటే, వినడానికి ఛిట్ స్వే పక్కన లేడు.