కనుమదారిని క్రొత్తదీపము

కార్తికమాసాంతమునఁ దూర్పుకనుమలయందుఁ బ్రొద్దు గ్రుంకకమునుపే మంచు దిగును. మిట్టపల్లముల నెల్లఁ బసుపుపచ్చగఁ గప్పిన వలిసెపూలచేలు సాయంసంధ్యాకాంతి క్షీణించినకొలఁది వన్నె తఱిఁగి ధూసరవర్ణములగుచుండ, లోయలనుండి లేచిన నీహారము గిరిశిఖరముల నాశ్రయించి నిశ్చలమై నిలువఁగా, ఘాటుదారి వంపువంపునకు మాయమై మరల వంపువంపునకుఁ గనఁబడుచు దిగువ మైదానముదాఁకఁ బ్రాఁకుచుండెను. అట్టి వేళ శుక్రవారపు సంత ముగియఁగానే రెండు మోటారుసైకిళ్లు ఒకదానివెనుక నొకటి యా దారిని దిగివచ్చుట కొండవారికి ఏండ్లతరబడి పరిచితమైన దృశ్యము. ముందుబండి తోఁకదీపము ఎఱ్ఱగ వెలుఁగుచుండును. వెనుకబండి ముందుదీపము వెలుఁగుచున్నదో లేదో చేరువకు వచ్చి చూచినఁగాని యెవ్వరికిని దెలియదు.

ఆ వెనుకబండి దాలయ్యది. నానావర్ణకాచవలయములగు గాజులను పూసలదండలను గంపల కెత్తి చింతగరువు సంతలో నమ్ముకొనుట వానికి తల్లినుండి వచ్చిన వృత్తి. బండి వాని చేతికి వచ్చునప్పటికే ముసలిది. దాని దీపమునకు బ్యాటరీతో నిమిత్తము లేదు. ఇంజను పరువెత్తినపుడు ప్రకాశించును, ఇంజను నెమ్మదించినపుడు నీరసించును. ఎగువకుఁ బోవునపుడు ఇంజను రొప్పుచు శ్రమించుటచేత దీపము దివ్యముగ వెలుఁగును గాని యది తెల్లవాఱిన వేళ యగుటచే దానితోఁ బనిలేదు. దిగువకు వచ్చునపుడు చీఁకటి పడును. ఆక్సిలేటరు వదలి బ్రేకులపై దిగవలసిన యా సమయముననే దీపము పొయ్యిలోని కడపటి నిప్పుకవలెఁ గునుకుచుండును. అవసరము లేనపుడు వెలుఁగుటయు నవసరమైనపుడు ఆఱుటయు మనుష్యులయందుఁ జూచినదే కావున దాలయ్య దీపముపై నెన్నఁడును గినుక వహింపలేదు. వానికి ముందు గౌరునాయుఁ డుండెను.

గౌరునాయుఁడు అల్యూమినియము గిన్నెల వర్తకుఁడు. ఇద్దఱికిని జుట్టఱికము లేకున్నను బావా యని పిలిచికొందురు, ఒక్క డబ్బాలోని యంబలి పంచుకొని త్రాగుదురు, ఒకని బేరము చెడినచో రెండవవాఁడు నొచ్చుకొనును. దిగునపుడు గౌరునాయుఁడు ముందు నడచును. గాజులు పగులునను భయముచేత మెల్లగ నడచు దాలయ్యకొఱకుఁ దానును వేగము తగ్గించి ప్రతి మలుపునకును ముందుగ బ్రేకుపైఁ గాలుంచి యెఱ్ఱదీపముతో హెచ్చరించును. దాలయ్య యా యెఱ్ఱని చుక్కను మాత్రము చూచుచు అది తిరిగినచోటఁ దిరుగుచు అది యాఁగినచోట నాఁగుచు ఇల్లు చేరును. నిజము చెప్పవలెనన్న వాఁ డెఱిఁగిన ఘాటుదారి గౌరునాయుని తోఁకదీపమే.

చింతగరువు సంతలో జీపులు వచ్చి యాఁగు తావున కెదురుగ నున్న చోటు దాలయ్యది. జీపు దిగిన స్త్రీల చూపు మొదట గాజులపైఁ బడును. అక్కడ నొక కట్టడి యుండెను. క్రొత్తపంట యింటికి వచ్చినపుడు చేయు కొత్తల పండుగ గడచిన తొలి సంతనాఁడు సంతపెద్ద సంతపన్నగు నాశీలు వసూలునకు వచ్చు వేళకు ఎవని గోనెపట్టా యే చోటఁ బఱచియుండునో యా చోటు సంవత్సరముపొడవునను వానిదే. ఎవఁడైన రాలేకపోయినచో వాని తోడివాఁడు వాని పేరు చెప్పి పట్టా పఱవవచ్చును. అట్టియెడ పఱచిన చేతివాని మాటయే ప్రమాణము. ఆ చోటు పోయినవానికి సంత కడపట ఎండుచేపల వరుస దక్కును. అచటికి గాజులు కొనుట కెవ్వరును రారు. దాలయ్య తల్లి యా చోటనే కూర్చుండి వానిఁ బెంచి పెద్దచేసెను.

పండుగకు ముందు సంతనుండి దిగివచ్చి టీకొట్టుకడ నిలిచినపుడు గౌరునాయుఁడు దాలయ్య బండిదీపముపైఁ జేయి వైచి యిట్లనెను.

"ఈ గుడ్డిదీపంతో ఇంకెన్నాళ్లు నా తోక పట్టుకొని దిగతావు బావా? కొత్త లైటు నానేయిస్తాను. షెడ్డోడితో మాటాడేసినాను. సుక్కురవారం పొద్దున్నే రమ్మన్నాడు."

"సుక్కురవారమా? తొలి సంత కదా బావా. మరి నా సోటు?"

"నీ పట్టా నాకియ్యి. నీ పేరు సెప్పి నా సేత్తోనే పరిసేస్తాను. నువ్వు మద్దేన్నానికి తాపీగా రా. నాను లేనేటి?"

ఆ చివరిమాట విని దాలయ్య కన్నులు చెమ్మగిల్లెను. తోడఁబుట్టినవాఁడైన నింత తలఁచునా యని తనలో ననుకొని పట్టాను మడిచి మఱునాఁడే వాని యింటికిఁ గొనిపోయి యిచ్చెను.

శుక్రవారమునాఁడు షెడ్డులో పనివాఁడు దీపపుగిన్నె విప్పఁగా లోపలి తీఁగలు ముట్టుకొన్నంతనే పొడిపొడియయ్యెను. వాఁడు క్రొత్త తీఁగలు లాగి దీపమును బ్యాటరీకిఁ గలిపి పాత గాజుకంటిని దీసివైచి మెఱయు నద్దపుగిన్నెతోఁ గూడిన యెల్‌ఇడి లైటు నమర్చెను. ఎంత యోపికతోఁ జేయుచుండెనన్న దాలయ్యకే నిద్రవచ్చెను. కొంచెము త్వరపడుమని కోరఁగా వాఁడు తల యెత్తకయే పలికెను.

"తొందరొద్దు, మద్దేన్నం దాకా తాపీగా సెయ్యి, పని గట్టిగుండాలని గౌరన్న మరీమరీ సెప్పినాడు."

దాలయ్య దానిని గూడఁ బ్రేమగనే గ్రహించెను. పని ముగిసి స్విచ్చి నొక్కఁగానే పట్టపగలు సయితము షెడ్డుగోడపైఁ దెల్లని పట్టెడు వెలుఁగు పడెను. ఇంజను నిలిపినను ఆ వెలుఁగు చలింపలేదు. పనివాఁడు గర్వముతో నవ్వెను.

"ఇంక నీకు ముందర ఎవడూ అక్కర్లేదు."

దాలయ్యయు నవ్వెను. ఆ దీపమును బావకుఁ జూపవలెనను నుత్సాహముతో పగలే దానిని వెలిఁగించికొని కొండ యెక్కెను.

సంతకుఁ జేరి తన చోటునకుఁ బోఁగా నచ్చట గాజులు మెఱయుచుండెను. అవి తన గాజులు కావు. క్రొత్త టార్పాలిను క్రింద క్రొత్త పెట్టెలు దెఱచి గౌరునాయుని యల్లుఁడు కూర్చుండి జీపు దిగిన స్త్రీల ముంజేతులకు గాజులు తొడుగుచుండెను. వాని వెనుక వ్యాను నిలిచియుండెను. ప్రక్కచోట గిన్నెల నడుమ గౌరునాయుఁ డుండెను. వాఁడు కూర్చున్నది దాలయ్య పట్టామీఁద. దాని మూలను దాలయ్య తల్లి పాతచీర యంచుతో వేసిన యతుకు గిన్నెలసందునఁ గనఁబడుచుండెను.

దాలయ్య తొలుత నందేదో పొరపాటున్నదని యనుకొనెను. పాపము, మంచివానికి మొదట వచ్చు నాలోచన యదియే. గంప దింపకయే పోయి సంతపెద్దయగు బొంజన్నను బిలిచికొని వచ్చెను. బొంజన్న ముసలివాఁడు, మితభాషి. ఇద్దఱి మొగములను జూచి గౌరునాయుని నడిగెను.

"పొద్దున్న ఆశీలుకొచ్చినప్పుడు ఈ సోట్లో నువ్వే పరిసినావు. ఎవరి పేరున పరిసినావో ఒక్కమాట సెప్పు."

గౌరునాయుఁ డొక గిన్నెమూఁత నెత్తి మరల సరిగ నుంచెను.

"అల్లుడి పేరునే పరిసినాను. దాలయ్య నాకేటీ సెప్పలేదు."

బావా యనలేదు, దాలయ్య యనెను. ఏండ్లతరబడి వాని నోట రాని యా పేరు పెరవానిదివలె దాలయ్య చెవినిఁ బడెను. చోటు పోయినదన్న దుఃఖము పిమ్మట వచ్చినది. మొదట వచ్చినది సిగ్గు. మోసగించినవాఁడు సిగ్గుపడవలసిన తావున మోసపోయినవాఁడు సిగ్గుపడుట లోకమునందలి వింతలలో నొకటి. షెడ్డులోఁ దాను నవ్విన నవ్వు వానికి జ్ఞప్తికి వచ్చి మొగము కందిపోయెను. బొంజన్న నిట్టూర్చి కట్టడి కట్టడియే యని వెడలిపోయెను.

దాలయ్య గౌరునాయుని నొక్క ప్రశ్న మాత్ర మడిగెను.

"సోటు కావాలంటే తీసుకున్నావు సరే. మరి నాకా లైటెందుకేయించినావు బావా?"

గౌరునాయుఁడు తల వంచెను. వాని కంఠమున నపుడు కపటము లేకుండెను. అదియే దాలయ్యను మఱింత గాయపఱచెను.

"ఇకనుంచి నాను అల్లుడి వ్యానులో దిగతాను. నువ్వొక్కడివే దిగాల. ఆ గుడ్డిదీపంతో ఏ మలుపులోనో పడిపోతావని భయమేసింది."

దాలయ్య యెండుచేపల వరుస కడపట గంపలు దించి సాయంకాలమువఱకుఁ గూర్చుండెను. ఒక ముసలిది మాత్రము వాని తల్లి నెఱిఁగినదగుటచే వెదకికొని వచ్చి నల్లపూసలు కొని వెడలిపోయెను.

సంత విడిచినది. వ్యాను ముందుగనే దిగిపోయినది. మంచు దట్టమగుచుండ దాలయ్య యొంటరిగ ఘాటు మొదట నిలిచి స్విచ్చి నొక్కెను. దారి యంతయుఁ దెల్లవాఱినట్లు కనఁబడెను. ప్రతి గులకఱాయియు దాని నీడయు వేఱువేఱుగ గోచరించెను. ఆక్సిలేటరు వదలినను దీపము కునుకలేదు. మొదటి మలుపునకు వచ్చి బండి త్రిప్పఁగా వెలుఁగు దారిని విడిచి యొక్కక్షణ మావలికిఁ బోయెను. ఎక్కునపుడు కొండవైపుననే నడచు దాలయ్య యా యంచు నెన్నఁడును జూచియుండలేదు. ఆవల నేమియు లేదు. పిట్టగోడ యెన్నఁడో కూలి రెండు రాళ్లు మిగిలియుండెను. ఆ రాళ్లకు జేనెడు దూరమున నేల తెగిపోయి మంచుతో నిండిన లోయ నోరు దెఱచియుండెను. ఆ యంచున లోతుగఁ బడిన చక్రపుజాడ యొకటి, అఱిగిన తన టైరు అచ్చునుబట్టి, ప్రతి శుక్రవారమును దాను దిగిన జాడయని దాలయ్య గుర్తించెను.

వాఁడు బండి నాపి క్రిందికి దిగెను. ఇంత యంచున నెన్నిమాఱులు దిగితినో, ఒక్కనాఁడైన భయపడలేదే యని తలఁచెను. భయపడకుండుటకుఁ గారణమైనవాఁడే నేఁడు భయమును గంటికిఁ జూపించు దీపమును గొనిపెట్టి పోయెనని తలఁచినపుడు వానికి నవ్వును ఏడుపును గలిసి వచ్చినవి. దీపమును రాతితోఁ బగులఁగొట్టవలెనని యొక రాయి నెత్తెను. ఎత్తి, కొంతసేపు పట్టుకొని, మరల దాని చోటనే యుంచెను. దీపమేమి చేసినది? ఉన్నదానిని జూపినది. నమ్మికతో నడచినవానికి దారి కనఁబడదు, దారి కనఁబడినవానికి నమ్మిక మిగులదు. ఈ రెంటిలో నేది మేలో దాలయ్యకుఁ దెలియలేదు.

తిరిగి బండి యెక్కి తదుపరి మలుపు సమీపింపఁగా వాని కాలు తనంతనే బ్రేకుపైకిఁ బోయెను, కన్నులు తమంతనే యెఱ్ఱని చుక్కకొఱకు వెదకెను. తెల్లని వెలుఁగు దారి కొసదాఁకఁ బఱచికొనియుండెను. అందెవ్వరును లేరు.