బారెడు దూరం

తిరుపతిలో పరీక్షకుడిగా రమ్మంటే ఏ ప్రొఫెసరూ కాదనడు. పనిలో పనిగా కొండెక్కి దర్శనం చేసుకోవచ్చు. 2006లో దసరా సెలవులయ్యాక బెంగళూరు నుంచి వచ్చిన యోగానంద గారికీ మధ్యాహ్నం దర్శనం ఉంది. ఆయన కొండకు బయల్దేరేలోగా, పదకొండింటికి, ప్రసన్నకుమారి తన ప్రయోగం చూపించాలి. చూపించలేకపోతే పీహెచ్‌డీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

ఆమె నాలుగేళ్ల కష్టమంతా ఒక్క బల్ల మీదుంది. రెండు లేజర్ వెలుగుల్ని వెంట్రుకంత సన్నని గాజు తీగలో కలిపి, దాని కొస నుంచి డిటెక్టరు మీద పడేస్తే, అవి ఊగే వేగాల మధ్య ఉన్న తేడా నుంచి రేడియో తరంగం పుడుతుంది. మామూలు సెల్‌ఫోన్ తరంగం కంటే ఎన్నో రెట్లు వేగంగా ఊగే తరంగం అది. రేపటి ఫోన్లకు ఇదే దారని ఆమె నమ్మకం. అది ఒక కొమ్ము యాంటెన్నాలోంచి బయల్దేరి, బారెడు దూరంలో ఉన్న ఇంకో కొమ్మును చేరితే తెర మీద గీత లేవాలి.

పది దాటింది. గీత లేవలేదు. ప్రసన్నకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆఖరికి తీగ కొస ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎర్రగా కుంకుమ!

“మునస్వామన్నా! దీనికి బొట్టెవరు పెట్టినారు?”

ల్యాబ్ అటెండరు మునస్వామి ముఖం వెలిగిపోయింది. “నేనేనమ్మా. సెలవులకు ముందు ఆయుధపూజ చేసినాం కదా. ఈ కొసలోనే దీని పాణమంతా ఉండాదని నువ్వే చెప్తివి. అందుకే మూత తీసి మరీ పెట్టినా.”

తిట్టబోయిన ప్రసన్నకు నవ్వాగలేదు. చెప్పింది తనే మరి. స్పిరిట్‌తో కొస తుడిచి బిగించింది. గీత చివ్వున లేచింది.

యోగానంద గారు వచ్చి చూసి పెదవి విరిచారు. “ఇది గాల్లోంచే వస్తోందని నమ్మకమేమిటమ్మా? పక్క వైర్లలోంచి వస్తుండొచ్చు కదా?”

ఆమె నోరు తెరిచేలోగా మునస్వామి కాఫీ తెచ్చి, బల్ల మీద ఖాళీగా కనబడిన చోట, సరిగ్గా రెండు కొమ్ముల నడుమ, స్టీలు గ్లాసు పెట్టాడు. గీత పడిపోయింది. బెదిరిపోయి గ్లాసెత్తాడు. గీత లేచింది.

యోగానంద గారు గ్లాసు లాక్కొని, చిన్నపిల్లాడిలా మూడుసార్లు పెట్టి తీశారు. “థీసిస్ రాసెయ్యమ్మా!” అని నవ్వి, చల్లారిన కాఫీ తాగేసి కొండకు బయల్దేరారు.

మునస్వామి నసిగాడు. “బొట్టు తుడిచేస్తివి కదమ్మా. మళ్లీ యాడ పెట్టమంటావు?”

“ఆ గ్లాసుకు పెట్టన్నా,” అంది ప్రసన్న.